ఓట్ల లెక్కలో న్యాయము: న్యూజీలాండు ప్రజలు తమ ఎన్నిక పద్ధతిని మార్చుకొన్న విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమున చదువు దీపమును కొండెక్కనీయక కాపాడుచు వచ్చిన ఈ గ్రంథాలయమునకు ముందుగా నా హృదయపూర్వక అభినందనములు. ఇట్టి సభలలో గ్రంథాలయ మహిమను గూర్చి మాట్లాడుట ఆచారము. ఆ పనిని నాకంటె సమర్థులైన పెద్దలు ఇదివరకే నెరవేర్చిరి. పాఠకులకు ఉపకరించు విషయ మొక్కటి చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. అందుచే ఒక చిన్న దేశపు కథను మీ ముందుంచుటకు సాహసించుచున్నాను.

ఎన్నికలలో రెండు పనులు గలవు. ఓటు వేయుట ఒకటి. ఆ ఓట్లను స్థానములుగా మార్చుట రెండవది. మొదటిది మన చేతి పని. రెండవది చట్టము చేయు పని. మొదటిదానిని గూర్చి ప్రతి ఎన్నికకు ముందు ఊరూరను ఉపన్యాసములు సాగును, గోడలనిండ ప్రకటనలు వెలయును. రెండవదానిని గూర్చి పలుకువారు అరుదు. కళ్లములో ధాన్యము కొలుచునప్పుడు రైతు తన రాశిని మాత్రమే చూచుకొని యూరకుండడు. కొలుచు కుంచమును గూడ తిప్పి చూచుకొనును. కుంచము సరియైనది కానిచో పంట ఎంత పండినను ఫలితము చేతికి రాదు. ఓట్లకు కుంచము ఎన్నిక పద్ధతియే. ఆ కుంచమును సరిచూచి, సరికాదని నిర్ణయించుకొని, శాంతియుతముగా మార్చుకొన్న దేశములలో న్యూజీలాండు ముఖ్యమైనది.

న్యూజీలాండు దక్షిణ పసిఫిక్ మహాసముద్రమున రెండు పెద్ద దీవులును, అనేకములైన చిన్న దీవులును గల దేశము. అచటి జనసంఖ్య నేడు సుమారు 50 లక్షలు. మన హైదరాబాదు మహానగరపు జనసంఖ్యకంటె తక్కువ. అచటి తొలి నివాసులు మావోరీలు. పందొమ్మిదవ శతాబ్దమున బ్రిటిషు వారు పెద్ద సంఖ్యలో వచ్చి స్థిరపడిరి. మొదటి పార్లమెంటు 1854లో సమావేశమయ్యెను. 1867లో మావోరీలకు నాలుగు ప్రత్యేక స్థానములు ఏర్పడినవి. 1893వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన స్త్రీలకు పార్లమెంటు ఎన్నికలలో ఓటుహక్కు లభించెను. స్వపరిపాలన గల దేశములలో ఈ గౌరవము మొదట న్యూజీలాండుకే దక్కినది. కేట్ షెపర్డు అను మహిళ నాయకత్వమున సుమారు 32 వేలమంది స్త్రీలు సంతకములు చేసిన మహజరు ఆ విజయమునకు మూలము.

అచటి వారు ఓట్ల లెక్కను మార్చి చూచుట గూడ క్రొత్త కాదు. 1881 నుండి 1945 వరకు గ్రామీణ ప్రాంతములకు కొంత అదనపు ప్రాతినిధ్య మిచ్చిరి. 1889 నుండి పల్లెటూళ్ల జనసంఖ్యకు నూటికి 28 వంతున కలిపి నియోజకవర్గములను విభజించెడివారు. పల్లెవాసులమైన మనకు ఇది వినసొంపుగా నుండవచ్చును. కాని పట్టణమున నుండు కూలివాని ఓటుకు పల్లెలోని ఓటుకంటె విలువ తగ్గుట న్యాయము కాదని తుదకు దానిని రద్దుచేసిరి. 1908, 1911 ఎన్నికలలో, సగముకంటె ఎక్కువ ఓట్లు ఎవరికిని రానిచోట రెండవమారు ఓటింగు జరుపు పద్ధతిని పరీక్షించి, 1913లో విడిచిపెట్టిరి. కావున ఎన్నిక పద్ధతి ఆకాశమునుండి దిగివచ్చినది కాదనియు, మానవులు చేసినదానిని మానవులు సవరించుకొనవచ్చుననియు ఆ ప్రజలకు అనుభవముచే తెలిసియుండెను.

ఇక వారు విడిచిన పాత పద్ధతి యెట్టిదో చూతము. దేశమును నియోజకవర్గములుగా విభజింతురు. ఒక్కొక్క వర్గమున అందరికంటె ఎక్కువ ఓట్లు వచ్చినవాడు గెలుచును. అతనికి సగము ఓట్లు రానక్కరలేదు. రెండవవానికంటె ఒక్క ఓటు ఎక్కువ వచ్చిన చాలును. ఇది ఇంగ్లండు నుండి వచ్చిన పద్ధతి. మన లోకసభకును, శాసనసభలకును నేటికిని ఇదే పద్ధతి.

ఇందలి చిక్కును ఊహామాత్రమైన ఒక లెక్కతో చెప్పెదను. ఒక ఊరిలో పది వార్డులు గలవనుకొనుడు. వార్డుకు నూరు ఓట్లు. నాగలి, దీపము, గొడుగు అను మూడు గుర్తులవారు పోటీచేసిరి. ఆరు వార్డులలో నాగలికి 40, దీపమునకు 35, గొడుగునకు 25 చొప్పున ఓట్లు వచ్చినవి. మిగిలిన నాలుగు వార్డులలో దీపమునకు 60, నాగలికి 20, గొడుగునకు 20 చొప్పున వచ్చినవి. ఇప్పుడు మొత్తము కూడుడు. వేయి ఓట్లలో దీపమునకు 450, నాగలికి 320, గొడుగునకు 230. కాని స్థానములు నాగలికి ఆరు, దీపమునకు నాలుగు, గొడుగునకు సున్న. ఎక్కువమంది కోరినవారు ఓడిరి. తక్కువమంది కోరినవారు పాలకులైరి. 230 మంది మాట సభలో వినబడనే లేదు. ఇందులో దొంగ ఓట్లు లేవు, లంచము లేదు, దౌర్జన్యము లేదు. అందరును నిజాయితీగానే ఓటు వేసిరి. తప్పు కుంచములో నున్నది.

న్యూజీలాండులో ఈ ఊహ నిజమయ్యెను. 1978 ఎన్నికలలో లేబరు పక్షమునకు నూటికి 40.4 ఓట్లు వచ్చెను. నేషనల్ పక్షమునకు 39.8. అయినను 92 స్థానములలో నేషనల్ పక్షమునకు 51, లేబరు పక్షమునకు 40 దక్కెను. సోషల్ క్రెడిట్ అను మూడవ పక్షమునకు నూటికి 16 ఓట్లు వచ్చినను లభించినది ఒక్క స్థానమే. 1981లో మరల ఇట్లే జరిగెను. లేబరునకు 39.0, నేషనల్‌కు 38.8, కాని స్థానములు లేబరునకు 43, నేషనల్‌కు 47. సోషల్ క్రెడిట్ పక్షమునకు ఓటర్లలో అయిదవవంతు మంది, అనగా నూటికి 20.7 వంతున, ఓట్లు వేసిరి. లభించినవి రెండు స్థానములు. 1984లో న్యూజీలాండు పార్టీ అను క్రొత్త పక్షమునకు నూటికి 12 ఓట్లు వచ్చెను; స్థాన మొక్కటియు రాలేదు.

మన చరిత్ర చదివినవారికి ఈ అంకెలు వింతగా తోచవు. 1955 ఆంధ్రరాష్ట్ర శాసనసభ ఎన్నికలలో కమ్యూనిస్టు పక్షమునకు నూటికి సుమారు 31 ఓట్లు వచ్చినను, 196 స్థానములలో లభించినవి 15 మాత్రమే. ఏ పక్షమునెడల ఎవరికి ఎట్టి అభిప్రాయమున్నను, ఓట్లకును స్థానములకును గల ఈ వ్యత్యాసమును కాదనలేము.

న్యూజీలాండులో ఈ లోపము మరింత ప్రమాదకరమైనదగుటకు వేరొక కారణము గలదు. ఆ దేశమునకు మనకువలె ఒకే గ్రంథముగా వ్రాసియుంచిన రాజ్యాంగము లేదు. పార్లమెంటు చేసిన చట్టమును కొట్టివేయు అధికారము న్యాయస్థానములకు లేదు. పూర్వముండిన ఎగువ సభను 1950లో చేసిన చట్టముచే రద్దుచేయగా, 1951 జనవరి 1వ తేదీనుండి ఒకే సభ మిగిలెను. కావున ఆ సభలో ఆధిక్యము గల పక్షమునకు మూడేండ్లపాటు అడ్డు ఆపులు లేవు. జెఫ్రీ పామర్ అను న్యాయశాస్త్ర ఆచార్యుడు 1979లో ఈ స్థితిని విమర్శించుచు, కళ్లెము లేని అధికారమను అర్థమిచ్చు పేరుతో ఒక గ్రంథము ప్రకటించెను. నూటికి 39 ఓట్లతో వచ్చిన పక్షము నూటికి నూరుపాళ్ల అధికారమును చెలాయించుట తగునా యను ప్రశ్న విద్యావంతులనుండి క్రమముగా సామాన్య ప్రజలకు వ్యాపించెను.

సరే, పద్ధతి చెడ్డదని తేలినది. మార్చవలసినవా రెవరు? పార్లమెంటు సభ్యులు. వారెట్లు సభ్యులైరి? ఆ పద్ధతిచేతనే. తాను కూర్చున్న కొమ్మను తానే నరుకుకొనువా డుండునా? ఎన్నికల సంస్కరణ ఎచటనైనను తటపటాయించునది ఈ చోటనే. ఆటలో గెలిచినవానికి ఆట నియమములను మార్చుటయందు ఆసక్తి యుండదు. ఓడినవానికి ఆసక్తియున్నను అధికారముండదు. ఓడినవాడు గెలిచిన మరునాడు ఆ ఆసక్తియు నుండదు. న్యూజీలాండు ప్రజలు ఈ ముడిని విప్పిన తీరే నేటి నా ప్రసంగమునకు ప్రాణము.

1984లో లేబరు పక్షము గెలిచెను. పామర్ ఉపప్రధానియు, న్యాయశాఖామంత్రియు నయ్యెను. 1985లో ఎన్నిక పద్ధతిని విచారించుటకై రాయల్ కమీషను నొకదానిని నియమించిరి. అధ్యక్షుడు జాన్ వాలెస్ అను న్యాయాధిపతి. సభ్యులు మొత్తము అయిదుగురు. వారిలో న్యాయశాస్త్రజ్ఞుడు, గణాంకశాస్త్రజ్ఞుడు, రాజనీతిశాస్త్ర పండితుడు, మావోరీ విదుషీమణి ఉండిరి. రాబోవు ఎన్నికలలో నిలువవలసినవా రెవరును అందులో లేరు. ఇది మొదటి మెలకువ. కుంచమును పరీక్షించు పనిని ధాన్యము కొనువానికిని ఇయ్యలేదు, అమ్మువానికిని ఇయ్యలేదు.

1986 డిసెంబరులో కమీషను నివేదిక వెలువడెను. మిశ్రమ దామాషా పద్ధతిని అవలంబింపవలెననియు, సభ్యుల సంఖ్యను 120కి పెంచవలెననియు, నూటికి నాలుగు ఓట్లు రాని పక్షమునకు జాబితా స్థానము లీయరాదనియు, అన్నిటికంటె ముఖ్యముగా, ఈ నిర్ణయమును ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా ప్రజలే చేయవలెననియు వారు సూచించిరి.

నివేదికను చూచి రెండు పెద్ద పక్షములును మొగము చిట్లించుకొనెను. అది బీరువాలో పడియుండవలసినదే. కాని 1987 ఎన్నికల సమయమున టెలివిజను చర్చలో ప్రధాని డేవిడ్ లాంగీ ప్రజాభిప్రాయ సేకరణ జరుపుదుమని వాగ్దానము చేసెను. చేతనున్న కాగితమును పొరపాటుగా చదువుటచే ఆ మాట వచ్చెనని పిమ్మట ప్రసిద్ధమయ్యెను. ఎట్లు వచ్చినను మాట మాటయే కదా! లేబరు ప్రభుత్వము దానిని చెల్లింపలేదు. 1990లో నేషనల్ పక్షము అదే వాగ్దానము చేసి గెలిచెను.

ఈ నడుమ ప్రజల మనస్సులు విరిగినవి. లేబరు ప్రభుత్వము 1984 తరువాత, ఎన్నికలలో చెప్పని ఆర్థిక విధానములను వేగముగా అమలుపరచి ప్రభుత్వ సంస్థలను విక్రయించెను. 1990లో నేషనల్ పక్షము వృద్ధుల పింఛనుపై గల అదనపు పన్నును తొలగింతుమని చెప్పి, గెలిచిన పిదప తొలగింపలేదు. ఒక పక్షము మాట తప్పినచో రెండవదానిని ఆశ్రయింపవచ్చును. రెండును మాట తప్పినచో ప్రజలు ఎచటికి పోవలెను? పద్ధతినే మార్చవలెనన్న అభిప్రాయము బలపడినది అప్పుడే. రాడ్ డోనాల్డు మున్నగువారు పనిచేసిన ఎన్నికల సంస్కరణ సమాఖ్య ధనబలము లేకున్నను సభలు జరిపి, కరపత్రములు పంచి, దేశమంతట ప్రచారము చేసెను.

మొదటి ప్రజాభిప్రాయ సేకరణ 1992 సెప్టెంబరు 19న జరిగెను. స్త్రీలకు ఓటుహక్కు వచ్చిన తేదీయే అది. రెండు ప్రశ్నలు అడిగిరి. పాత పద్ధతి యుండవలెనా, మారవలెనా యనునది మొదటిది. మారినచో నాలుగు పద్ధతులలో ఏది కావలెననునది రెండవది. మారవలెనని నూటికి 84.7 మంది చెప్పిరి. నాలుగింటిలో మిశ్రమ దామాషా పద్ధతిని నూటికి 70.5 మంది కోరిరి. అయితే ఓటు వేయవచ్చినవారు నూటికి 55 మందియే. కావున దీనిని తుది తీర్పుగా గ్రహింపక, మరుసటి సంవత్సరము సాధారణ ఎన్నికలతోపాటు రెండవమారు అడిగిరి. పాత పద్ధతి, క్రొత్త పద్ధతి ముఖాముఖి నిలిచినవి. పీటర్ షర్ట్‌క్లిఫ్ అను వ్యాపార ప్రముఖుని నాయకత్వమున క్రొత్త పద్ధతికి వ్యతిరేకముగా పెద్ద ప్రచారము సాగెను. ప్రభుత్వములు నిలువవనిరి, జాబితా సభ్యులు ప్రజలకు జవాబు చెప్పరనిరి, 99 మంది చాలకనా 120 మంది యనిరి. ప్రజలు ఉభయవాదములను వినిరి. 1993 నవంబరు 6న నూటికి 85 మంది ఓటు వేసిరి. క్రొత్త పద్ధతికి 53.9, పాతదానికి 46.1 వచ్చెను. ఏడేండ్లపాటు సాగిన వాదము ముగిసెను.

ఇది రెండవ మెలకువ. నియమమును మార్చు నిర్ణయమును, ఆ నియమముచే లాభపడు సభ్యులకు విడువక, ప్రజలే స్వహస్తములతో చేసిరి. ఒకమారు కాదు, రెండుమారులు చేసిరి. కోపముతో చెప్పిన మాటను ఆలోచనతో మరల చెప్పుటకు అవకాశ మిచ్చిరి.

ఇంతకును ఈ మిశ్రమ దామాషా పద్ధతి యేమి? ప్రతి ఓటరునకు రెండు ఓట్లు. ఒకటి తన నియోజకవర్గపు అభ్యర్థికి. రెండవది తనకు నచ్చిన పక్షమునకు. నియోజకవర్గములలో పాత పద్ధతిగానే ఎక్కువ ఓట్లు వచ్చినవారు గెలుతురు. కాని సభలో ఏ పక్షమునకు మొత్తము ఎన్ని స్థానములుండవలెనో నిర్ణయించునది రెండవ ఓటు. ఒక పక్షమునకు నూటికి 30 వంతున పక్షపు ఓట్లు వచ్చినవనుకొందము. 120లో దాని వాటా 36. ఆ పక్షమువారు 20 నియోజకవర్గములలో గెలిచిరి. మిగిలిన 16 స్థానములను, ఆ పక్షము ఎన్నికలకు ముందే ప్రకటించిన పేర్ల జాబితానుండి వరుసగా నింపుదురు. ఈ విధముగా ఊరికొక ప్రతినిధియు ఉండును. ఓట్లకు తగిన వాటాయు దక్కును. ఈ పద్ధతి జర్మనీలో రెండవ ప్రపంచయుద్ధానంతరము ఏర్పడినది. అయితే ప్రతి చిల్లర పక్షమును సభలో చేరకుండుటకు ఒక గడప గలదు. నూటికి అయిదు ఓట్లు రావలెను. లేదా ఒక్క నియోజకవర్గమునైనను గెలువవలెను. కమీషను సూచించినది నాలుగు. చట్టములో వ్రాసినది అయిదు. ఈ భేదమును జ్ఞాపకముంచుకొనుడు. దీనితో మరల పనిగలదు.

క్రొత్త పద్ధతిలో మొదటి ఎన్నికలు 1996 అక్టోబరు 12న జరిగెను. ఆరు పక్షములు సభలో ప్రవేశించెను. ఎవరికిని ఆధిక్యము రాలేదు. 17 స్థానములు గల న్యూజీలాండు ఫస్ట్ పక్షము ఎవరితో కలియునో తేలుటకు సుమారు రెండు మాసములు పట్టెను. తుదకు నేషనల్ పక్షముతో కలిసెను. 1998లో ఆ సంకీర్ణము విచ్ఛిన్నమయ్యెను. కొందరు సభ్యులు పక్షము విడిచి ప్రభుత్వము నిలువబెట్టిరి. ముందే చెప్పలేదా యని పాత పద్ధతి వాదులు దెప్పిరి. ఆ దెప్పుటలో నిజము లేకపోలేదు. జాబితానుండి వచ్చిన సభ్యుడు పక్షమును విడిచినచో అతడు ఎవరి ప్రతినిధి? దీనికై 2001లో ఒకటి, 2018లో మరియొకటి పక్ష ఫిరాయింపుల చట్టములు చేయవలసివచ్చెను. 1999లో సభ్యుల సంఖ్యను 99కి తగ్గింపవలెనని ప్రజలు సంతకములతో తెచ్చిన ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి 81 మందికి పైగా ఔననిరి. అది ప్రభుత్వమును కట్టిపడవేయునది కానందున అమలు కాలేదు.

ఇక రెండవ వైపు చూతము. 1993 సభలో 99 మందికి స్త్రీలు 21 మంది. 1996లో 120 మందికి 35 మంది. జాబితాలో పేర్లు వ్రాయు పక్షము అందరు పురుషులనే వ్రాసిన ఓటర్లకు కంటగింపగును గదా! 2022 అక్టోబరులో స్త్రీల సంఖ్య మొదటిసారిగా పురుషుల సంఖ్యను మించెను. మావోరీ స్థానములను తీసివేయవచ్చునని కమీషను సూచించినను, మావోరీల కోరికపై వాటిని నిలిపి, మావోరీ ఓటర్ల పట్టికను బట్టి వాటి సంఖ్య మారునట్లు చేసిరి. నూరేండ్లకు పైగా నాలుగే యుండిన స్థానములు 1996లో అయిదును, 2002 నుండి ఏడును అయ్యెను. మన దేశమునుండి వెళ్లినవారికిని తలుపు తెరువబడెను. చెన్నై నగరమున జన్మించిన ప్రియాంకా రాధాకృష్ణన్ 2017లో జాబితాద్వారా సభ్యురాలై, 2020లో నియోజకవర్గమునుండి నేరుగా గెలిచి, ఆ సంవత్సరమే మంత్రిణి యయ్యెను. జాబితాద్వారా వచ్చినవారు ప్రజలలో నిలువజాలరన్న వాదమునకు ఇది యొక సమాధానము. దామాషా పద్ధతిలో ఒకే పక్షము ఎన్నటికిని ఆధిక్యము పొందజాలదన్న మాటయు 2020లో వీగిపోయెను. లేబరు పక్షమునకు సగము ఓట్లు వచ్చెను; 120లో 65 స్థానములు వచ్చెను. భేద మొక్కటే: సగము స్థానములకు సగము ఓట్లు కావలసివచ్చెను.

క్రొత్త కుంచమునకును సొట్టలు గలవు. 2008 ఎన్నికలలో న్యూజీలాండు ఫస్ట్ పక్షమునకు నూటికి 4.07 ఓట్లు వచ్చెను. నియోజకవర్గమేదియు గెలువలేదు, కావున సున్న. ఆక్ట్ పక్షమునకు 3.65 ఓట్లే వచ్చెను. కాని ఎప్సమ్ అను ఒక్క నియోజకవర్గమును గెలుచుటచే గడపతో పనిలేక అయిదు స్థానములు పొందెను. ఎక్కువ ఓట్లకు సున్న, తక్కువ ఓట్లకు అయిదు! 1978 నాటి అన్యాయమే చిన్న రూపమున మరల తలయెత్తెను. కమీషను సూచించిన నాలుగు గడప యున్నచో ఇట్లు జరిగియుండెడిది కాదు.

అయినను ప్రజలు పాతదానికి మరలిపోలేదు. 2011 నవంబరు 26న, ఎన్నికలతోపాటు, ఈ పద్ధతి యుండవలెనా యని మూడవమారు అడిగిరి. చెల్లిన ఓట్లలో నూటికి సుమారు 58 ఉండవలెననియే వచ్చెను. 1993లో వచ్చిన 54 కంటె ఇది ఎక్కువ. పదునైదేండ్ల అనుభవము పిమ్మట చెప్పిన మాట యిది. ఇది మూడవ మెలకువ: పరీక్షించినదానిని కొంతకాలమునకు మరల పరీక్షకు పెట్టుట.

తరువాత జరిగినది మనము గమనింపదగినది. 2012లో ఎన్నికల సంఘము విచారించి గడపను నాలుగునకు తగ్గింపుడనియు, ఒక్క నియోజకవర్గముతో గడప దాటు సందును మూసివేయుడనియు సూచించెను. ప్రభుత్వము అమలుచేయలేదు. 2023లో మరియొక స్వతంత్ర సంఘము గడపను మూడున్నరకు తగ్గింపుడని చెప్పెను. 2023 అక్టోబరు ఎన్నికలు పాత గడపతోనే జరిగినవి. ఆ సందువలన లాభపడు పక్షముల మద్దతుపై ఆధారపడిన ప్రభుత్వము ఆ సందును మూయునా? తాను కూర్చున్న కొమ్మ కథయే మరల వచ్చినది. పెద్ద మార్పును ప్రజల చేతికిచ్చిరి, అది జరిగెను. చిన్న సవరణను పార్లమెంటు చేతిలో ఉంచిరి, అది నిలిచిపోయెను. ఇంతకంటె స్పష్టమైన పాఠము వేరొకటి లేదు.

మన దేశమునకు ఇది తగునా యని మీలో కొందరు అడుగవచ్చును. మన రాజ్యాంగ నిర్మాణసభలోను దామాషా పద్ధతిని కోరినవారుండిరి. నాటి అక్షరాస్యతలో ఆ లెక్కలు ప్రజలకు కష్టమనియు, ప్రభుత్వములకు స్థిరత్వము ముఖ్యమనియు డాక్టరు అంబేడ్కరు దానిని అంగీకరింపలేదు. ఆనాటి స్థితిలో అది ఆలోచించి చేసిన నిర్ణయమే. అయినను రాష్ట్రపతి ఎన్నికకును, రాజ్యసభకు శాసనసభ్యులు జరుపు ఎన్నికకును రాజ్యాంగము దామాషా పద్ధతినే విధించెను. అనగా శాసనసభ్యుల ఓట్లను ఒక కుంచముతోను, మన ఓట్లను మరియొక కుంచముతోను కొలుచుచున్నారు. 50 లక్షల జనుల దేశమునకు సరిపడినది 140 కోట్ల జనుల దేశమునకు సరిపడునని నేను వాదింపను. ఎన్నో భాషలు, ఎన్నో కులములు, ఎన్నో ప్రాంతములు గల మనకు పక్షముల సంఖ్య మరింత పెరుగుట క్షేమమా, పక్షనాయకుని చేతికి జాబితా నిచ్చుట క్షేమమా యను సందేహములు బరువైనవి. కాని 1949 నాటి అక్షరాస్యత నేడు లేదు. లెక్క ప్రజలకు అర్థము కాదను కారణము నేడు చెల్లదు. ఉండవలసిన కారణములు వేరే యున్నచో వాటిని బహిరంగముగా చర్చింపవలెను.

ఆ చర్చకు గ్రంథాలయముకంటె తగిన చోటు లేదు. న్యూజీలాండులో 1992, 1993 సంవత్సరములలో పక్షములతో సంబంధము లేని మండలియొకటి అన్ని పద్ధతుల గుణదోషములను ప్రజలకు తెలియజేసెను. మనకు అట్టి మండలి రానవసరము లేదు. ఈ గ్రంథాలయమే ఆ పని చేయగలదు. కావున కార్యవర్గమువారికి ఒక చిన్న విన్నపము. ఇకమీదట ఏ శాసనసభ ఎన్నికగాని, లోకసభ ఎన్నికగాని ముగిసిన వారమున, ఈ చదువుగది గోడపై ఒక కాగితము అంటింపుడు. ఒక వరుసలో ఏ పక్షమునకు నూటికి ఎన్ని ఓట్లు వచ్చినవో వ్రాయుడు. ప్రక్క వరుసలో నూటికి ఎన్ని స్థానములు వచ్చినవో వ్రాయుడు. వ్యాఖ్యానము వలదు, నిందాస్తుతులు వలదు. ఆ రెండు వరుసలను పాఠకులు తామే పోల్చి చూచుకొందురు. ఏ పక్షము గెలిచిన ఏడాదియైనను మానక, ఆ కాగితములను ఒక దస్త్రముగా భద్రపరచుడు. స్వర్ణోత్సవ సభ జరుగునాటికి ఆ దస్త్రమే ఈ గ్రామ ప్రజలకు పాఠ్యగ్రంథమగును.